మతాల పటంలో రంగులు ఎలా పడ్డాయి

ప్రపంచంలో ముస్లింలు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశం ఏదని అడిగితే సౌదీ అరేబియా అని ఠక్కున చెప్పేవాళ్ళు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. జవాబు ఇండోనేషియా. మక్కాకు దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవుల దేశం అది. క్రైస్తవం అనగానే యూరప్ గుర్తొస్తుంది, కానీ ఇవాళ యూరప్ మొత్తం మీద ఉన్న క్రైస్తవుల కంటే సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికాలో ఉన్నవాళ్ళే ఎక్కువ. బుద్ధుడికి జ్ఞానోదయం అయిన దేశంలో బౌద్ధులు నూటికి ఒక్కరు కూడా లేరు. గురునానక్ పుట్టిన ఊరేమో పాకిస్తాన్‌లో ఉంది.

ఇవన్నీ క్విజ్ ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ వీటి వెనక నడిచిన కథ దాదాపు ఒకటే. ఏ మతాన్ని ఎక్కడ ఎంతమంది పాటిస్తున్నారన్నది ఆ మతం చెప్పిన మాటలను బట్టి తేలింది తక్కువ. ఓడలు ఏ గాలికి ఎటు వెళ్ళాయి, ఏ రాజు పక్క రాజుతో పడక ఏ శాఖ వైపు మొగ్గాడు, కరువులో ఎవరు పని చూపించారు, తోటల్లో కూలికి ఎవరిని ఎక్కడి నుంచి ఎక్కించుకుపోయారు, ఆఖరికి జనగణన కాగితంలో ఏ గడి పెట్టారు, ఇలాంటి వాటి వల్ల తేలింది ఎక్కువ. భక్తులకు ఈ మాట అంతగా రుచించకపోవచ్చు, కానీ పటం ముందు పెట్టుకుని చూస్తే కాదనడం కష్టం.

ముందు లెక్కలు చూద్దాం. అమెరికాలోని పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2020 నాటికి వేసిన అంచనాలో క్రైస్తవులు సుమారు 230 కోట్లు, ముస్లింలు 200 కోట్లు, ఏ మతమూ లేదని చెప్పుకునేవాళ్ళు 190 కోట్లు, హిందువులు 120 కోట్లు, బౌద్ధులు 32 కోట్ల చిల్లర, యూదులు కోటిన్నర లోపు. మిగతా మతాలన్నీ కలిపినా ప్రపంచ జనాభాలో రెండు శాతం దాటి కొద్దిగా. అంటే భూమ్మీద ఉన్న ప్రతి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులో ముస్లింలో అయి ఉంటారు. అయితే ఈ అంకెలను తులాల లెక్కన చూడకూడదు. జపాన్‌లో షింటో ఆలయాలు, బౌద్ధ ఆలయాలు తమ తమ భక్తులు ఇంతమంది అని ప్రభుత్వానికి చెప్పే లెక్కలు కూడితే మొత్తం దేశ జనాభాను దాటిపోతుంది, ఎందుకంటే బిడ్డ పుడితే షింటో గుడికి, మనిషి పోతే బౌద్ధ గురువు దగ్గరికి వెళ్ళడం అక్కడ మామూలు సంగతి. అదే జపాన్ మనిషిని పట్టుకుని మీ మతం ఏమిటని అడిగితే ఏమీ లేదనే ఎక్కువమంది చెబుతారు. ఒక మనిషికి ఒకే మతం ఉండాలన్న లెక్క అన్ని చోట్లా చెల్లదు.

పుట్టిన చోట్ల విషయానికొస్తే, ఇవాళ ప్రపంచమంతా పరుచుకున్న మతాలు రెండు చిన్న ప్రాంతాల నుంచి బయల్దేరాయి. ఒకటి పశ్చిమాసియా. యూదుల మతం, క్రైస్తవం, ఇస్లాం మూడింటికీ అబ్రహామే ఆదిపురుషుడు, జెరూసలేం నుంచి మక్కాకు సూటిగా గీత గీస్తే 1,200 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. రెండోది సింధు, గంగా మైదానాలు. వైదిక ధర్మం, బౌద్ధం, జైనం, చాలా కాలం తర్వాత సిక్కు మతం ఇక్కడివే. చైనాకు కన్ఫ్యూషియస్ బోధ, తావో మార్గం సొంతంగా ఉన్నాయి గానీ అవి చైనా, కొరియా, వియత్నాం, జపాన్ దాటి పెద్దగా బయటికి రాలేదు. బయటికి వచ్చిన వాటిలో మొదటిది బౌద్ధం. దాని కథ దగ్గర కాస్త ఆగాలి, తెలుగు నేలకు అందులో వాటా ఉంది కాబట్టి.

క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు ధర్మ ప్రచారకులను పంపించడంతో బౌద్ధం శ్రీలంక చేరింది. ఆ తర్వాత దాన్ని మోసుకుపోయింది ఎక్కువగా వర్తకులే. పట్టు వ్యాపారం సాగే దారుల వెంట గాంధారం, మధ్య ఆసియా మీదుగా క్రీస్తు శకం మొదటి శతాబ్దానికి చైనాలో కాలుపెట్టింది, నాలుగో శతాబ్దంలో కొరియాకు, ఆరో శతాబ్దంలో జపాన్‌కు, ఏడు ఎనిమిది శతాబ్దాల్లో టిబెట్‌కు వెళ్ళింది. విహారాలు ఎక్కడ ఉన్నాయో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. విశాఖ దగ్గర తొట్లకొండ, బావికొండ సముద్రం కనిపించే కొండల మీద ఉన్నాయి, కృష్ణా ముఖద్వారం దగ్గర ఘంటసాల రేవు ఊరు. వ్యాపారికి మజిలీ కావాలి, భిక్షువుకు దాత కావాలి, ఇద్దరికీ కుదిరింది.

నాగార్జునకొండలో మూడో శతాబ్దానికి చెందిన ఒక శాసనం ఉంది. బోధిశ్రీ అనే ఉపాసిక తామ్రపర్ణి నుంచి, అంటే సింహళం నుంచి వచ్చిన స్థవిరుల (పెద్ద భిక్షువుల) కోసం కట్టించిన చైత్యగృహం గురించి అందులో చెప్పారు. ఆ స్థవిరులు ఏయే దేశాల వాళ్ళను ధర్మం వైపు తిప్పారో వరసగా చెబుతుంది ఆ శాసనం: కశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, దమిళ, ఇలా. ఒక ఊళ్ళో ఒక స్త్రీ చెక్కించిన రాతి మీద అప్పటి ఆసియా సగం కనిపిస్తుంది. ఇంకో తమాషా, ఆ ఊరిని రాజధానిగా చేసుకుని ఏలిన ఇక్ష్వాకుల్లో రాజులు అశ్వమేధం లాంటి వైదిక క్రతువులు చేస్తే, రాణులూ రాజబంధువులైన స్త్రీలూ బౌద్ధ స్తూపాలకు దానాలిచ్చారు. అక్కడి మహాచైత్యం రాజు మేనత్త చాంతిసిరి చలవే. ఒకే ఇంట్లో రెండు దారులు, దానికి ఎవరూ గొడవ పడినట్టు లేదు. ఆ లోయ మొత్తం ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది, తవ్వకాల్లో దొరికిన వాటిని దీవిగా మిగిలిన కొండ మీదికీ అనుపు దగ్గరికీ చేర్చారు.

మరి బౌద్ధం పుట్టింట్లో నీడ లేకుండా పోయి మెట్టింట్లో రాజ్యం ఏలడం ఎలా జరిగింది? దాడుల వల్లే అని ఒక మాటలో తేల్చేస్తుంటారు. నలందా లాంటి మహావిహారాలు పన్నెండో శతాబ్దం చివర్లో నాశనమైన మాట నిజమే. కానీ అంతకు అయిదు వందల ఏళ్ళ ముందే, ఏడో శతాబ్దంలో ధాన్యకటకం (ఇప్పటి అమరావతి ప్రాంతం) వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ ఇక్కడి ఆరామాలు చాలావరకు పాడుబడి ఉన్నాయని రాశాడు. రోమ్‌తో వర్తకం సన్నగిల్లింది, రాజుల దానాలు గుళ్ళ వైపు, అగ్రహారాల వైపు మళ్ళాయి, శైవ వైష్ణవ భక్తి ఊళ్ళలోకి చొచ్చుకుపోయింది. భిక్షువుల మీదే ఆధారపడిన మతానికి దాత చేయి వెనక్కి తీస్తే నిలబడడం కష్టం. బౌద్ధంలోని శాఖలు చూస్తే, ఇవాళ థాయిలాండ్, కంబోడియా, మయన్మార్, శ్రీలంకల్లో థేరవాదం, చైనా, కొరియా, జపాన్, వియత్నాంలలో మహాయానం, టిబెట్, భూటాన్, మంగోలియాల్లో వజ్రయానం నడుస్తున్నాయి. భారత్‌లో 2011 లెక్కల ప్రకారం బౌద్ధులు 84 లక్షలు, అందులో నాలుగింట మూడొంతులకు పైగా మహారాష్ట్రలోనే. అది అశోకుడి నాటి మిగులు అనుకుంటే పొరపాటు, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ లక్షల మందితో కలిసి దీక్ష తీసుకున్న రోజు నుంచి మొదలైన కొత్త చరిత్ర.

ఇస్లాం వ్యాపించిన తీరు గురించి జనంలో ఉన్న బొమ్మ కత్తి పట్టిన గుర్రపు రౌతు. మొదటి వందేళ్ళకు ఆ బొమ్మ కొంతవరకు సరిపోతుంది. 632లో ప్రవక్త మహమ్మద్ మరణించాక వందేళ్ళు తిరక్కముందే అరబ్బుల పాలన స్పెయిన్ నుంచి సింధు దాకా పాకింది. అయితే పాలన మారినంత తొందరగా జనం మతం మారలేదు, ఈజిప్టు, ఇరాన్ లాంటి చోట్ల ముస్లింలు మెజారిటీ కావడానికి వందల ఏళ్ళు పట్టింది. ఇక ముస్లింలు అత్యధికంగా ఉన్న ఇండోనేషియాకు అరబ్బు సైన్యం అసలు వెళ్ళనే లేదు.

అక్కడికి వెళ్ళింది వర్తకులు, వాళ్ళ వెంట సూఫీ గురువులు. ఇందులో గాలి పాత్ర చిన్నది కాదు. హిందూ మహాసముద్రంలో తెరచాప ఓడ ఏడాదిలో కొన్ని నెలలు ఒక దిక్కుకే వెళ్ళగలదు, తిరుగు ప్రయాణానికి గాలి మళ్ళే దాకా రేవులోనే పడి ఉండాలి. అలా నెలల తరబడి ఆగిన గుజరాతీ, అరబ్బు, తమిళ ముస్లిం వర్తకులు స్థానిక స్త్రీలను పెళ్ళి చేసుకున్నారు, మసీదులు కట్టుకున్నారు. 1292లో సుమత్రాలో ఆగిన మార్కో పోలో పెర్లాక్ అనే రేవు పట్నంలో జనం ముస్లింలయ్యారని చెప్పాడు. పదిహేనో శతాబ్దంలో మలక్కా రాజులు ఇస్లాం తీసుకున్నాక రేవులన్నీ ఒకదాని వెంట ఒకటి ఆ దారి పట్టాయి. అరబ్బు, గుజరాతీ వర్తకులతో లావాదేవీలు నడపడానికి అది అనుకూలం కూడా.

జావాలోని కుదుస్ పట్నంలో పదహారో శతాబ్దపు మసీదు ఒకటి ఉంది. దాని మినార్ చూసినవాళ్ళు గుడి గోపురం అనుకుంటారు, ఎర్ర ఇటుకతో అచ్చం పాత జావా ఆలయాల పద్ధతిలో కట్టారు. ఆ ఊళ్ళో ఇస్లాం బోధించిన సునన్ కుదుస్ అక్కడి హిందువుల మనసు నొప్పించకూడదని ఆవును కోయవద్దన్నాడని చెబుతారు, ఇప్పటికీ ఆ ఊరి ప్రత్యేక వంటకం సోతో అనే పులుసులో ఆవు మాంసం బదులు గేదె మాంసం వేస్తారు. కత్తి పట్టిన రౌతు బొమ్మకూ ఈ గేదె మాంసం పులుసుకూ మధ్య ఎంత దూరం ఉందో ఇస్లాం భూగోళంలో అంత వైవిధ్యం ఉంది. ఇండోనేషియా, పాకిస్తాన్, భారత్, బంగ్లాదేశ్ నాలుగు దేశాలు కలిపితే ప్రపంచ ముస్లింలలో పదిమందికి నలుగురు వచ్చేస్తారు. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మొత్తం కలిపినా అయిదింట ఒక వంతే.

సున్నీ, షియా తేడా కూడా పటం మీద రాజకీయం గీసిన గీతే చాలావరకు. ప్రవక్త తర్వాత నాయకత్వం ఎవరిదన్న వివాదంతో మొదలై 680లో కర్బలా యుద్ధంలో ఇమామ్ హుసేన్ చనిపోవడంతో గట్టిపడింది. ఇవాళ ముస్లింలలో షియాలు పది నుంచి పదమూడు శాతం మధ్య ఉంటారు, ఇరాన్, ఇరాక్, అజర్‌బైజాన్, బహ్రెయిన్‌లలో వాళ్ళదే మెజారిటీ. కానీ 1501కి ముందు ఇరాన్ ఎక్కువగా సున్నీ దేశమే. షా ఇస్మాయిల్ తబ్రీజ్‌లో గద్దెనెక్కి షియా మతాన్ని రాజమతంగా ప్రకటించాక, పడమటి పక్క సున్నీ ఆటోమన్లతో కయ్యం నడుస్తున్నంత కాలం ఆ తేడా ఇంకా ముదిరింది. ఆ అల గోల్కొండ దాకా వచ్చింది. ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కన్ చేరిన సుల్తాన్ కులీ స్థాపించిన కుతుబ్‌షాహీ వంశం షియా వంశం, హైదరాబాద్ బాద్‌షాహీ ఆషూర్ఖానా వాళ్ళు కట్టిందే. తెలుగు పల్లెల్లో ముస్లిం ఇళ్ళు రెండు మూడే ఉన్న ఊళ్ళో కూడా ఆ హుసేన్ జ్ఞాపకంగా పీర్ల పండుగ చేస్తారు, పీరును ఎత్తుకునేది, గుండం చుట్టూ ఆడేది చాలా చోట్ల హిందువులే. పటంలో ఈ సంగతికి ఏ రంగు వేస్తారో మరి.

క్రైస్తవాన్ని తెల్లవాళ్ళ మతం అనుకోవడం మన దగ్గర మామూలైపోయింది, ఎందుకంటే మనకు అది ఎక్కువగా మిషనరీల ద్వారా కనిపించింది. పుట్టింది ఆసియాలో. కాన్‌స్టంటైన్ కాలంలో, 313లో రోమ్ సామ్రాజ్యం దానికి స్వేచ్ఛ ఇచ్చేనాటికే ఆర్మేనియా రాజు బాప్తిస్మం తీసుకున్నాడని చెబుతారు. నాలుగో శతాబ్దంలోనే ఇథియోపియాలో అక్సుమ్ రాజు ఎజానా క్రైస్తవుడయ్యాడు. ఆయన నాణేలు చూస్తే ఆ మార్పు కంటికి కనిపిస్తుంది, మొదటి వాటి మీద సూర్యచంద్రుల గుర్తు ఉంటుంది, తర్వాతి వాటి మీద దాని చోట శిలువ. కేరళలో క్రీస్తు శకం 52లో థామస్ వచ్చాడన్నది అక్కడివాళ్ళ నమ్మకం, అది ఎంత వరకు నిజమైనా మలబారు తీరంలో సిరియా సంప్రదాయపు క్రైస్తవులు పోర్చుగీసు ఓడలకు వెయ్యేళ్ళ దాకా ముందే ఉన్నారు. చైనాలోని షియాన్‌లో 781 నాటి రాతి పలక ఒకటి ఉంది, 635లో పర్షియా వైపు నుంచి వచ్చిన క్రైస్తవ గురువును తాంగ్ చక్రవర్తి ఆదరించాడని దాని మీద చైనీస్‌లో, సిరియాక్‌లో చెక్కారు. ఇంగ్లండులో కొన్ని రాజ్యాలు ఇంకా పాత దేవుళ్ళకు మొక్కుతున్న రోజులవి.

ఆసియాలో ఆ తూర్పు సంఘాలు మెల్లగా క్షీణించాయి. యూరప్‌లో 1054లో రోమ్ కాథలిక్కులు, కాన్‌స్టాంటినోపుల్ ఆర్థడాక్సులు విడిపోయారు, 1517లో లూథర్ లేవనెత్తిన వివాదంతో ప్రొటెస్టెంట్లు వేరుపడ్డారు. ఈ చీలికలు అలాగే ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగాయి. స్పెయిన్, పోర్చుగల్ 1494లో ఒప్పందం చేసుకుని సముద్రం మీద గీత గీసి లోకాన్ని పంచుకున్నాయి, అందుకే బ్రెజిల్ నుంచి మెక్సికో దాకా కాథలిక్కులే. బ్రిటన్, డచ్ పడవలు వెళ్ళిన చోట ప్రొటెస్టెంట్లు. ఫిలిప్పీన్స్‌లో అయితే రెండు అలలు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి: 1571లో స్పెయిన్ వాళ్ళు మనీలా పట్టుకునేనాటికి అక్కడ ఏలుతున్నది ముస్లిం రాజు. ఇంకో వందేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ దీవులు కూడా ఇండోనేషియా బాట పట్టేవేమో. దక్షిణాన మిందనావో ప్రాంతంలో ఆ ముస్లిం సమాజం ఇప్పటికీ ఉంది.

ఆఫ్రికాలో 1900 ప్రాంతంలో క్రైస్తవులు కోటికి అటూ ఇటూ ఉంటే ఇప్పుడు ప్రపంచ క్రైస్తవుల్లో పదిమందికి ముగ్గురు సహారా దిగువనే ఉన్నారు. మిషనరీలు విత్తు వేసినా, దాన్ని పెంచింది ఎక్కువగా స్థానిక బోధకులు, వాళ్ళు పెట్టుకున్న సొంత సంఘాలు, స్వాతంత్ర్యం తర్వాతి జనాభా పెరుగుదల. లాటిన్ అమెరికాలో మార్పు లోపలి నుంచి వస్తోంది. 1970లో నూటికి తొంభై మందికి పైగా కాథలిక్కులున్న బ్రెజిల్‌లో 2022 జనగణన నాటికి వాళ్ళు 56.7 శాతం, ప్రొటెస్టెంట్లలోని ఎవాంజెలికల్ సంఘాల వాళ్ళు 26.9 శాతం.

కరువు, కాలువ, బాప్తిస్మం ముడిపడిన ఘటన ఒకటి తెలుగు నేల మీదే ఉంది. 1876 నుంచి 78 దాకా దక్షిణ భారతాన్ని కుదిపేసిన కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు, వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. తిండి కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక ఒత్తిడి తట్టుకోలేక మొదలుపెడితే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దీన్ని ప్రలోభం అని ఒకరు, విముక్తి అని ఇంకొకరు చదువుతారు. రెండూ బయటి నుంచి చేసే వ్యాఖ్యానాలే. ఊరి చివర పెట్టిన మనిషికి ఆ రెండేళ్ళలో తనను పేరు పెట్టి పిలిచి పనిచ్చింది ఎవరన్నది మాత్రం బాగా గుర్తుండి ఉంటుంది.

హిందూ మతం సంగతి వీటికి పూర్తిగా భిన్నం. 120 కోట్ల మందిలో దాదాపు 95 శాతం భారత్‌లోనే ఉన్నారు. పెద్ద మతాల్లో పుట్టిన చోటును ఇంతగా అంటిపెట్టుకున్నది ఇంకోటి లేదు. బయటికి అసలు వెళ్ళలేదని కాదు. తొమ్మిదో శతాబ్దంలో జావాలో ప్రంబనన్, పన్నెండో శతాబ్దంలో కంబోడియాలో విష్ణువు కోసం కట్టిన అంగ్‌కోర్ వాట్ వెలిశాయి. కానీ అక్కడ అది రాజాస్థానం, బ్రాహ్మణ పురోహితుల చుట్టూ నడిచింది, రాజులు బౌద్ధం వైపో ఇస్లాం వైపో మళ్ళగానే వెనకబడింది. పెద్ద ఎత్తున నిలిచింది బాలిలోనే. ఆ దీవిలో ఇప్పటికీ దాదాపు 87 శాతం హిందువులు, వాళ్ళ కొత్త సంవత్సరం న్యేపి రోజున వీధులు, దుకాణాలతో పాటు అంతర్జాతీయ విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు. ప్రపంచంలోనే అతి పెద్ద ముస్లిం దేశంలో ఒక హిందూ పండుగకు విమానాలు ఆగిపోతాయంటే చాలామంది నమ్మరు.

రెండోసారి హిందూ మతం సముద్రం దాటింది రాజుల వెంట కాదు, కూలీల వెంట. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి 1834 నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తీసుకెళ్ళారు. ఒక్క మారిషస్‌కే నాలుగున్నర లక్షల మంది దాకా వెళ్ళారు, ఆ తర్వాత గయానా, ట్రినిడాడ్, సురినాం, దక్షిణాఫ్రికా, ఫిజీ. గోదావరి మొగ దగ్గరున్న కోరంగి రేవు మీదుగా వెళ్ళినవాళ్ళ పేరుతోనే మారిషస్‌లో తెలుగువాళ్ళను చాలాకాలం కోరంగీలన్నారు. ఇప్పుడు అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన ఇంకా నడుస్తున్నాయి, తెలుగు మాట్లాడడం తగ్గిపోయిన ఇళ్ళలో కూడా. భాష కంటే పూజ ఎక్కువ కాలం నిలవడం వలస వెళ్ళిన చాలా సమాజాల్లో కనిపిస్తుంది. మూడో విడత అమెరికా వీసాలతో మొదలైంది, 1970ల్లో పిట్స్‌బర్గ్‌లో కట్టిన వేంకటేశ్వరాలయం దాని తొలి గుర్తుల్లో ఒకటి.

చిన్న మతాలది వేరే లెక్క. యూదుల్లో 85 శాతం మంది ఇజ్రాయెల్, అమెరికా రెండు దేశాల్లోనే ఉన్నారు. కొచ్చిలో 1568 నాటి ప్రార్థనా మందిరం ఉంది గానీ దానికి వెళ్ళే యూదులు దాదాపు అందరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మాత్రం బెనె ఎఫ్రాయిం అని పిలుచుకునే చిన్న తెలుగు సమాజం యూదు పద్ధతులు పాటిస్తోంది, తాము ఇజ్రాయెల్ తప్పిపోయిన తెగల్లో ఒకరిమని వాళ్ళు చెబుతారు. సిక్కులు 2011 నాటికి భారత్‌లో రెండు కోట్ల పైన, కెనడాలో 2021 లెక్కల్లో ఏడున్నర లక్షలు దాటి, అంటే అక్కడి జనాభాలో వాళ్ళ శాతం భారత్‌లో ఉన్నదాని కంటే ఎక్కువ. ఇరాన్‌లో పుట్టిన జొరాస్ట్రియన్ మతాన్ని గుజరాత్ తీరం కాపాడింది, కానీ 2011లో భారత్‌లో పార్సీలు 57,264 మందే మిగిలారు.

ఇక మతం లేదనే 190 కోట్ల మంది. వీళ్ళలో మూడింట రెండొంతుల మంది చైనాలోనే ఉన్నారు, అందుకే ఈ అంకెను చూసి లోకం నాస్తికమైపోతోందని అనుకోవడం తొందరపాటు. మతం లేదని చెప్పే చైనా కుటుంబమే చింగ్‌మింగ్ రోజున పెద్దల సమాధులు ఊడ్చి అగరొత్తులు వెలిగిస్తుంది. పశ్చిమ యూరప్‌లో తగ్గుదల మాత్రం నిజమైనదే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనగణనలో క్రైస్తవులమని రాయించుకున్నవాళ్ళు 46.2 శాతం, మొదటిసారి సగం కంటే తగ్గారు, మతం లేదన్నవాళ్ళు 37.2 శాతం.

జనగణనలో రాయించుకోవడం అన్నామా, అక్కడే మనదీ ఒక చిక్కుముడి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు నాలుగు శాతం పైన ఉంటే 2011లో 1.3 శాతం. నలభై ఏళ్ళలో చర్చిలు తగ్గాయా అంటే కోస్తాలో ఏ ఊరు చూసినా జవాబు తెలుస్తుంది. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మాల, మాదిగ కుటుంబం క్రైస్తవమని రాయిస్తే రిజర్వేషన్ పోతుంది. అందుకే ఆదివారం ఒక మతం, కాగితం మీద ఇంకో మతం. తప్పు ఎవరిదన్నది పక్కన పెడితే, లెక్క మాత్రం నమ్మదగ్గది కాదు. ఆదివాసుల సంగతి ఇంకోలా ఉంది. జార్ఖండ్, ఒడిశా వైపు సర్నా మతం అని పట్టుబట్టి 2011లో దాదాపు 49 లక్షల మంది విడిగా రాయించుకున్నారు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో నాగోబాను కొలిచే గోండులకు జనగణన కాగితంలో సొంత గడి లేదు.

దేశానికి ఒక రంగు చొప్పున వేసే పటాల్లో ఇవేవీ కనపడవు. ప్రపంచంలో మూడో అతి పెద్ద ముస్లిం జనాభా, 21 కోట్ల మంది, ఉన్న భారత్‌కు ఆ పటంలో హిందూ రంగు వేస్తారు. ఉత్తరాన ముస్లింలు, దక్షిణాన క్రైస్తవులు దాదాపు సమానంగా ఉండి, యొరుబా తెగ కుటుంబాల్లో అన్నదమ్ములే చెరో మతంలో ఉండే నైజీరియాకు ఏ రంగు వేసినా తప్పే. గల్ఫ్ దేశాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇస్లాం పుట్టిన ద్వీపకల్పంలో ఇప్పుడు లక్షల మంది హిందువులు, క్రైస్తవులు పని చేస్తున్నారు, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్ళు వాళ్ళలో తక్కువేం కాదు. ఖతార్ రాజధాని దోహాలో 2008లో మొదటి చర్చి తెరిచారు, అబుదాబీలో 2024 ఫిబ్రవరిలో పెద్ద రాతి హిందూ ఆలయం తెరిచారు, కువైట్‌లో తెలుగులో ప్రార్థనలు చేసుకునే సంఘాలున్నాయి. పటంలో ఖతార్‌కు మాత్రం ఒకటే రంగు. అక్కడ ఉంటున్న జనంలో ఎక్కువమంది ఆ దేశ పౌరులే కారు.